వంకర పాదాలతో పుట్టిన బిడ్డ



అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములో, శృంగారమను ద్వారమునొద్ద కూర్చుండి భిక్షమడుగుకొనిన కుంటివాని సంగతి మనమందరమూ ఎరిగినదే. ఆదివారపు బడి పిల్లలు కూడా చూడకుండా చెప్పగలరు. అయితే చదువుతూ చదువుతూ మనం దాటిపోయే మాట ఒకటి అందులో ఉంది. పేతురు అతని కుడిచేయి పట్టుకొని లేవనెత్తినప్పుడు బలము పొందినవి ఏవి? కాళ్లు అని చెప్పి లూకా ఊరుకోలేదు. పాదములని ఒకటి, చీలమండలని ఒకటి, వేరువేరుగా చెప్పాడు. చీలమండకు ఆయన వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటనే కనబడుతుంది. లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పనే చెప్పాడు. వైద్యుని కన్ను పడవలసిన చోటనే పడింది.

ఆ మనుష్యుడు తల్లి గర్భము నుండి పుట్టినది మొదలు కుంటివాడు. 4వ అధ్యాయము 22వ వచనము ప్రకారము అతనికి నలభై ఏండ్లు దాటాయి. జబ్బు పేరేమిటో లేఖనము చెప్పదు కనుక మనమూ ఊహించి చెప్పరాదు. కాని పుట్టుకతోనే పాదము, చీలమండ లోపలికి మెలికపడి ఉండే జబ్బు ఒకటి మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. వంకర పాదమని, మెలిక కాలని అంటారు. ఆసుపత్రిలో క్లబ్ ఫుట్ అంటారు. ఆ పాదాన్ని కత్తితో కాక చేతులతో సరిచేసే వైద్యము గురించి ఈ నెల రాయదలచాను. నేను వైద్యుణ్ణి కాను, సంఘ కాపరిని. అయినా ఈ సంగతి మొట్టమొదట తెలిసేది తరచు కాపరికే. పేరు పెట్టి ప్రార్థన చేయమని పిలిచిన ఇంట్లో, తల్లి బిడ్డను మెడ వరకు గుడ్డలో చుట్టి చేతికిస్తుంది. ఎండాకాలం నడిమధ్యలో కూడా కాళ్ల మీద గుడ్డ తీయదు. అది చూస్తేనే సంగతి అర్థమవుతుంది.

ఈ పాదము ఎలా ఉంటుందంటే, ముందుభాగం లోపలికి తిరిగి ఉంటుంది. అరికాలు నేలవైపు కాక రెండవ కాలివైపు చూస్తుంది. మడమ పైకి లాగుకుపోయి చిన్నదిగా కనిపిస్తుంది. వేళ్లు కిందికి వాలి ఉంటాయి. అరికాలి మధ్యలో లోతైన మడత పడి ఉంటుంది. లోకమంతటిలో సుమారు వెయ్యిమంది పుట్టిన బిడ్డలలో ఒకరికి ఇలా ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లలలో రెండింతలు ఎక్కువ. వీరిలో సగం మందికి రెండు పాదాలూ వంకరే.

ఇక్కడొక తేడా గుర్తించాలి. గర్భంలో చోటు చాలక ముడుచుకొని పడుకున్నందువల్ల కొందరు బిడ్డల పాదాలు పుట్టగానే లోపలికి తిరిగి కనిపిస్తాయి. వేలితో మెల్లగా తోస్తే అవి మామూలు స్థితికి వచ్చేస్తాయి, పాదం పైభాగం పిక్క ముందరి ఎముక దాకా సులువుగా లేస్తుంది. అలాంటివి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. నిజమైన వంకర పాదం అలా లొంగదు, బిగుసుకొని ఉంటుంది. ఈ రెంటిలో ఏది అన్నది మంత్రసానో పక్కింటి పెద్దమ్మో తేల్చవలసిన పని కాదు, డాక్టరు చూసి చెప్పాలి.

బిడ్డకు నొప్పి ఉండదు. పాలు బాగానే తాగుతుంది, కాళ్లు ఆడిస్తుంది, నవ్వుతుంది. తల్లిదండ్రులు మోసపోయేది ఇక్కడే. "ఏడవడం లేదు కదా, నడక వస్తే అదే సర్దుకుంటుందిలే" అనుకుంటారు. నడక వస్తుంది, పాదం సర్దుకోదు. బిడ్డ పాదం పక్క అంచు మీద, కొన్నిసార్లు పాదం పైభాగం మీదనే అడుగు వేస్తాడు. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చర్మం మొద్దుబారి కాయలు కాస్తాయి, పుండ్లు పడతాయి. చెప్పు నిలవదు. వరినాట్ల బురదలో కాలు నిలదొక్కుకోదు. బడిలో పిల్లలు పెట్టే పేరు ఒక బాధ, ఆడపిల్లయితే పెళ్లిమాట వచ్చినప్పుడు మరొక బాధ. నలభై ఏండ్లు గుమ్మం దగ్గర కూర్చున్న మనుష్యుని కథ అలాగే మొదలై ఉంటుందనిపిస్తుంది.

ఇంతకూ ఇది ఎందుకు వస్తుంది? ఒక తల్లి నాతో అన్న మాట రాస్తాను. "అయ్యగారూ, గ్రహణం రోజున నేను కత్తిపీట ముట్టుకున్నానంట. మా అత్తమ్మ ఇప్పటికీ అదే మాట అంటోంది. నేను ముట్టుకున్నానో లేదో నాకే గుర్తు లేదయ్యగారూ." ఆ అత్తమ్మ ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునే విశ్వాసురాలే. పాత నమ్మకాలు బాప్తిస్మపు నీళ్లలో అంత సులువుగా కొట్టుకుపోవు. గ్రహణానికీ పాదానికీ ఏ సంబంధమూ లేదు. కత్తిపీటకూ లేదు. గర్భిణి ఎటు తిరిగి పడుకుంది, ఏమి తిన్నది అన్నదానికీ లేదు. అసలు కారణం ఇదీ అని వైద్యులు కూడా ఒక్కమాటలో చెప్పలేరు. ఎక్కువమంది బిడ్డలలో పాదం తప్ప మిగతా శరీరమంతా బాగానే ఉంటుంది. కొన్ని కుటుంబాలలో వారసత్వంగా రావడం ఉంది. ఒక బిడ్డకు ఉంటే తరువాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నాలుగు వంతులు. గర్భిణి పొగతాగడం ఈ ప్రమాదాన్ని కొంత పెంచుతుందని తేలింది. అడ్డపొగ చుట్ట అలవాటున్న మన ఉత్తర కోస్తా ఊళ్ల తల్లులకు ఇది చెప్పవలసిన మాటే. అంతకు మించి తల్లిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది ఇతడా, ఇతని కన్నవారా అని అడిగారు. ప్రభువు ఇద్దరి మీదా ఆ నేరం మోపలేదు. మన ఇళ్లలో మాత్రం ఆ ప్రశ్న సగమే మిగిలింది. తండ్రిని ఎవరూ అడగరు, అడిగేది తల్లినే. మామగారికీ అత్తగారికీ నా మనవి ఒక్కటే. ఆ కోడలు రేపటి నుండి వారం వారం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లవలసిన మనిషి. ఆమెకు కావలసిన బలాన్ని మాటలతో తీసేయకండి.

ఇక వైద్యం సంగతికి వద్దాం. వంకర పాదాన్ని చేత్తో సరిచేయవచ్చునన్నది కొత్త మాట కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 400 సంవత్సరాల నాడు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేరుతో ఉన్న గ్రంథాలలోనే, పసితనంలోనే మొదలుపెట్టి మెల్లగా చేత్తో ఒత్తి కట్టు కట్టాలని ఉంది. తరువాతి కాలంలో ఆ మెల్లదనం పోయింది. బలవంతంగా విరిచినట్టు తిప్పే ఇనుప సాధనాలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో పిండికట్లు నెలల తరబడి వేసినా చాలా పాదాలు పూర్తిగా సరికాలేదు. దానితో పాదాన్ని కోసి, కీళ్లను పట్టి ఉంచే బంధనాలను తెంచి ఎముకలు సర్దే పెద్ద ఆపరేషన్లు పెరిగాయి. చూపుకు పాదం తిన్నగా ఉండేది. కాని ఆ పిల్లలు పెద్దవారైనాక పాదం బిగుసుకుపోయి నొప్పి పెట్టేది.

ఈ వైద్యాన్ని మళ్లీ చేతుల్లోకి తెచ్చిన మనిషి డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి. 1914లో స్పెయిన్ దేశపు మినోర్కా ద్వీపంలో, గడియారాలు బాగుచేసే వాని ఇంట పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల ఎముకలు కట్టాడు. 1939లో తమ పక్షం ఓడిపోయినప్పుడు గాయపడినవారిని వెంటబెట్టుకొని కొండలు దాటి ఫ్రాన్సు చేరాడు. అక్కడి నుండి మెక్సికో వెళ్లి ఒక పల్లెలో వైద్యం చేశాడు. 1941లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చేరాడు. అక్కడ అంతకుముందు ఆపరేషన్ చేయించుకొన్న పిల్లల పాదాలు చూసి, అవి బిగుసుకుపోవడం గమనించి, దారి ఇది కాదనుకున్నాడు. చనిపోయి పుట్టిన శిశువుల పాదాలను విప్పి పరిశీలించాడు. కదిలే కీళ్లను ఎక్స్‌రే కదలిక చిత్రాలలో చూశాడు. 1940ల చివర నుండి తన పద్ధతిని వాడుతూ 1963లో ఫలితాలు ప్రచురించాడు. తోటి వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. 1995లో ఆయన దగ్గర పసితనంలో వైద్యం పొందినవారిని ముప్ఫై ఏళ్ల తరువాత పరీక్షించిన నివేదిక వచ్చింది. 45 మంది, 71 పాదాలు. నూటికి 78 మంది పాదాలు బాగా ఉన్నాయి. అసలు వంకరే లేని మామూలు మనుషులను అదే కొలతతో చూస్తే నూటికి 85 వచ్చింది. అంటే తేడా ఎంత కొంచెమో చూడండి. అప్పుడు లోకం ఆయనవైపు తిరిగింది. తిప్పినవారిలో డాక్టర్లకంటే ముందు పిల్లల తల్లిదండ్రులున్నారు. వారే ఒకరికొకరు చెప్పుకొని బిడ్డలను ఎత్తుకొని అయోవా వెళ్లారు. 2009లో, తొంభై అయిదేళ్ల వయసులో కన్నుమూసేంత వరకు ఆయన ఆ పని విడువలేదు.

ఆయన చేతులు ఏమి చేశాయో కొంచెం వివరంగా చెబుతాను. ఇంట్లో ఎవరూ ప్రయత్నించడానికి కాదు. ఆసుపత్రిలో బిడ్డ పాదాన్ని పట్టుకొన్నవారు ఏమి చేస్తున్నారో తల్లికి తెలిస్తే భయం తగ్గుతుంది, అందుకు.

చీలమండలో నడుమ ఒక ఎముక ఉంది. మోకాలి కింది రెండు ఎముకలు గుర్రపు జీనులాగ పైనుండి దాన్ని పట్టుకొని ఉంటాయి. దాని కింద మడమ ఎముక, ముందు పాదపు ఎముకలు ఉంటాయి. విచిత్రమేమిటంటే ఆ నడిమి ఎముకకు ఒక్క కండరమూ అతుక్కొని ఉండదు. చుట్టూ ఉన్నవి కదులుతుంటే అది ఇరుసులా నడుమ ఉంటుంది. వంకర పాదంలో మడమ, ముందరి ఎముకలు కలిసి ఆ ఇరుసు కింద లోపలికి జారిపోయి ఉంటాయి. వాటిని లాగి ఉంచే బంధనాలు పొట్టిగా, మందంగా ఉంటాయి. అయితే పసిబిడ్డ పాదపు ఎముకలు చాలావరకు ఇంకా మెత్తని మృదులాస్థే. బంధనాలు కూడా లాగితే మెల్లగా సాగుతాయి. కొన్నాళ్లు సాగిన చోట ఉంచితే, ఇంకొంచెం సాగడానికి మళ్లీ సిద్ధమవుతాయి. పొన్సెటి వైద్యమంతా దీనిమీదనే ఆధారపడి ఉంది.

అరికాలు లోపలికి చూస్తున్న పాదం కనిపిస్తే మన చెయ్యి వెంటనే ఏం చేస్తుంది? దాన్ని బయటికి మెలిపెట్టాలని చూస్తుంది. నలుగు పెట్టి స్నానం చేయించే అమ్మమ్మలు, నూనె రాసి కాళ్లు సాగదీసే మంత్రసానులు అదే చేస్తారు. చాలాకాలం డాక్టర్లు చేసినదీ దాదాపు అదే. అది తప్పు. ముడిపడిన పలుపుతాడు చూశారా? కొస పట్టి గుంజితే ముడి ఇంకా బిగుస్తుంది. తాడును ముందు ముడివైపుకే కాస్త తోస్తే సందు ఏర్పడి విడుతుంది. పొన్సెటి మొదట చేసేది ఇదే. బొటనవేలి వైపు పాదాన్ని కొంచెం పైకెత్తి, ముందుభాగాన్ని ఆ వంకర దిశలోనే మడమకు సమంగా తెస్తాడు. చూసేవారికి పాదం ఇంకా వంకర చేస్తున్నాడేమో అనిపిస్తుంది. దానితో అరికాలి లోతు మడత విడుతుంది. ఆ తరువాత ఒక బొటనవేలిని చీలమండ బయటివైపు, ఆ నడిమి ఎముక ముందు కొస మీద ఆనించి కదలకుండా ఉంచుతాడు. రెండో చేత్తో పాదాన్నంతటినీ ఆ ఎముక చుట్టూ మెల్లగా బయటికి తిప్పుతాడు. మడమను అసలు ముట్టుకోడు. ముందుభాగం తిరిగితే మడమ తనంతట తానే వెంట వస్తుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. బిడ్డ ఏడిస్తే ఆపుతారు. సాధారణంగా ఏడవదు, ఎందుకంటే ఆ సమయంలో తల్లి పాలిస్తూ ఉంటుంది.

పాదం ఆ రోజు ఎంతవరకు వచ్చిందో అక్కడ నిలిపి, వేళ్ల నుండి తొడ మొదలు దాకా మోకాలు వంచి పిండికట్టు వేస్తారు. మన వాళ్లు సిమెంటు కట్టు అంటారు. మోకాలి కింది వరకే వేసిన కట్టు జారిపోతుంది, పాదాన్ని తిప్పిన చోట నిలపలేదు. వారానికి ఒకసారి కట్టు విప్పి, ఇంకొంచెం తిప్పి, మళ్లీ కొత్త కట్టు. అయిదారు కట్లతో చాలామంది పిల్లల పాదాలు తిరుగుతాయి. చివరి కట్టుకు పాదం బయటివైపుకు బాగా తిరిగి, చూసేవారికి "మరీ ఎక్కువ తిప్పేశారే" అనిపిస్తుంది. అది కావాలని చేసినదే. వదిలేస్తే పాదం లోపలికే రావాలని చూస్తుంది కనుక అంత దూరం తీసుకెళ్తారు.

కట్టు ఉన్న వారమంతా తల్లి చూడవలసినవి ఉన్నాయి. వేళ్లు గులాబిరంగులో, వెచ్చగా ఉండాలి. వేలిని నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే రంగు తిరిగి రావాలి. వేళ్లు నల్లబడినా, నీలంగా మారినా, ఉబ్బినా, లేక కట్టు జారి వేళ్లు లోపలికి దూరి కనిపించకుండా పోయినా వారం ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. కట్టు తడవరాదు కనుక నీళ్ల స్నానం కుదరదు, తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి. ఇంకొక సంగతి. మర్నాడు ఎలాగూ విప్పుతారు కదా అని కట్టును ముందురోజు రాత్రే ఇంట్లో నానబెట్టి తీసేయవద్దు. ఆ ఒక్క రాత్రిలో సంపాదించినదాంట్లో కొంత పోతుంది. ఆసుపత్రిలో కొత్త కట్టుకు కొంచెం ముందు విప్పాలి.

పాదం బయటికి తిరిగినా చాలామంది బిడ్డలలో మడమ ఇంకా పైకే లాగుకొని ఉంటుంది. మడమ వెనుక తాడులాగ చేతికి తగిలేదాన్ని మనం నరము అంటాం గాని, అది పిక్క కండరాన్ని మడమకు కట్టే స్నాయువు. నూటికి ఎనభై, తొంభై మంది బిడ్డలకు దానిని చిన్న గాటుతో తెంపుతారు. ఆ చోట మాత్రమే మత్తుమందు ఇచ్చి, కొద్ది నిమిషాలలో చేస్తారు. చాలాసార్లు కుట్టు కూడా ఉండదు. నరం కోసేశారని బెంబేలు పడకండి. మూడు వారాల చివరి కట్టు విప్పేసరికి అది కొంచెం పొడవుగా మళ్లీ అతుక్కొని పెరుగుతుంది. నా మట్టుకు నాకు ఈ వైద్యంలో దేవుని చేతిపని ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

పాదం తిన్నగా వచ్చింది. తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది. తండ్రి ఫోటోలు తీస్తాడు. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెబుతారు, మేమూ స్తుతి పాట పాడతాం. ఎక్కువ బిడ్డల వైద్యం చెడిపోయేది సరిగ్గా ఇక్కడి నుండే.

ఎందుకంటే సగం పనే అయింది. చివరి కట్టు విప్పిన రోజునే బిడ్డకు ఒక జత బూట్లు ఇస్తారు. అడుగున భుజాల వెడల్పంత కడ్డీతో రెండూ కలిపి బిగించి ఉంటాయి. వంకర ఉన్న పాదపు బూటు బయటికి బాగా తిరిగి ఉంటుంది. మొదటి మూడు నెలలు రోజుకు ఇరవై మూడు గంటలు, అంటే స్నానానికి తప్ప విప్పకుండా వేయాలి. ఆ తరువాత రాత్రి నిద్రలోను, పగటి కునుకులోను వేయాలి. అలా నాలుగేళ్లు వచ్చేవరకు. పగలు బిడ్డ మామూలుగా ఆడుకుంటాడు, మామూలు చెప్పులు వేసుకుంటాడు. కాని ప్రతి రాత్రీ బూట్లు ఉండవలసిందే. ఆ నాలుగేళ్లూ పాదం పెరుగుతూ, పాత వంకరకు పోవాలని చూస్తూనే ఉంటుంది. పొన్సెటి పద్ధతి నేర్పేవారు చెప్పే లెక్క ఇది. బూట్లు సక్రమంగా వాడిన కుటుంబాలలో నూటికి ఆరుగురికి వంకర తిరిగి వచ్చింది. వాడని కుటుంబాలలో నూటికి ఎనభైమందికి పైగా తిరిగి వచ్చింది.

నేనెరిగిన ఒక ఇంట్లో కట్లన్నీ సక్రమంగా అయ్యాయి. పాదం ఎంతో అందంగా వచ్చింది. ఏడాది నిండేసరికి పిల్లవాడు నడిచాడు. "దేవుడు స్వస్థపరచాడు, ఇంకా ఈ ఇనుప బూట్లు వేస్తే అది అవిశ్వాసం కాదా అయ్యగారూ?" అని తండ్రి అడిగాడు. బూట్లు ఆపవద్దని చెప్పాను. ఇంకొకరెవరో వేరే మాట చెప్పారు. బూట్లు అటకెక్కాయి. మూడో ఏట పిల్లవాని మడమ మళ్లీ పైకి లేచింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ కట్లు. ఈసారి వాడికి ఊహ తెలుసు, పరుగెత్తడం తెలుసు. కట్టు వేసిన రాత్రి వాడు అడిగిన ప్రశ్నలకు వాళ్లమ్మ దగ్గర జవాబు లేదు.

ఆ తండ్రి ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. మన మధ్య చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. ప్రభువు ఒక్క మాటతో స్వస్థపరచగలడని నమ్ముతున్నాను. సౌందర్యమని పేరున్న ద్వారం దగ్గర క్షణంలో చేశాడు కూడా. అయితే హిజ్కియా రాజు ప్రార్థనకు దేవుడు జవాబిచ్చి, పదునైదు సంవత్సరాల ఆయుష్షు పెంచుతానని చెప్పించిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు (2 రాజులు 20). ఆ ముద్ద అవిశ్వాసమని ఏ బోధకుడూ అనలేదు. నాలుగేళ్లపాటు ప్రతి రాత్రి బూట్లు కట్టే తల్లి విశ్వాసం, సభలో చేయి ఎత్తిన విశ్వాసం కంటే చిన్నదని నేననుకోను. స్వస్థత కూటాలు జరిపే సోదర సేవకులకు కూడా ఒక మనవి. ప్రార్థించండి, కాని బిడ్డ కట్టు విప్పమని, బూట్లు తీసేయమని చెప్పకండి. ఆ పాదానికి జవాబు చెప్పుకోవలసింది మీరే అవుతారు.

బూట్ల మొదటి రెండు మూడు రాత్రులు కష్టమే. బిడ్డ ఏడుస్తుంది. విడిగా ఒక్క కాలు తన్నలేకపోతోందని ఏడుపు గాని నొప్పితో కాదు. కడ్డీ పట్టుకొని రెండు కాళ్లూ కలిపి ముడిచి, చాపి ఆడిస్తే త్వరలోనే తనే నేర్చుకుంటుంది. లోపల నూలు మేజోళ్లు వేయాలి. మడమ బూటు అడుగుకు ఆనిందో లేదో చూసి పట్టీ బిగించాలి. ఎర్రమచ్చ విడవకుండా ఉన్నా, బొబ్బ లేచినా బూట్లు మానేయకుండా ఆసుపత్రిలో చూపించాలి, బూటు సర్ది ఇస్తారు. ఏడ్చినప్పుడల్లా విప్పితే, ఏడిస్తే విప్పుతారన్న సంగతి బిడ్డకు తెలిసిపోతుంది. ఈ విషయంలో తాతయ్యలు మహా ప్రమాదకరమైనవారు. తల్లి నిద్రపోగానే జాలిపడి విప్పేస్తారు!

ఖర్చు మాట కూడా చెప్పాలి. 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల పట్టీలో వంకర పాదం కూడా ఉంది. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు చూపించండి, లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. వారు జిల్లా ఆసుపత్రికో, బోధనాసుపత్రికో పంపుతారు. ఈ పథకం కింద వైద్యానికి డబ్బు కట్టనక్కరలేదు. ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "పొన్సెటి పద్ధతిలో చేస్తారా" అని ధైర్యంగా అడగండి, ఆ పేరు వారికి తెలుసు. ఉగాండా, మలావీ వంటి పేద దేశాలలో పెద్ద డాక్టర్లు చాలక, శిక్షణ పొందిన ఆరోగ్య ఉద్యోగులే ఈ కట్లు వేసి ఎందరో పిల్లలను నడిపిస్తున్నారు. కావలసింది ఖరీదైన యంత్రం కాదు, నేర్చుకొన్న చేతులు.

వైద్యం ఉచితమైనా బస్సు చార్జీ ఉచితం కాదు. వారానికి ఒక రోజు తల్లి కూలి పోతుంది, తోడు వెళ్లినవారి కూలీ పోతుంది. మూడో కట్టు దగ్గరో నాలుగో కట్టు దగ్గరో మానేసేవారు ఎక్కువగా మానేది ఇందువల్లనే. మన స్త్రీల సమాజములు పిడికెడు బియ్యం పోగుచేసి అమ్మగా వచ్చిన డబ్బును ఎన్నో మంచి పనులకు వాడుతున్నాయి. రెండు నెలల బస్సు చార్జీలు వాటిలో ఒకటి కావచ్చు. తోడు వెళ్లడానికి ఒక సహోదరిని పంపడం ఇంకా మేలు. కూలికి వెళ్లే పెద్ద పిల్లలకు ఆ రోజు అన్నం ఎవరింట్లో తింటారన్నది కూడా ఆలోచించాలి.

ఈ మధ్య అయిదో నెల స్కానింగులోనే పాదం వంకర కనిపించి, కడుపు తీయించుకోమంటారా అని అడుగుతూ వచ్చేవారున్నారు. వంకర పాదం ఒక్కటే ఉంటే అది బాగయ్యే జబ్బని వారికి చెప్పండి. పుట్టిన తరువాత వారం పది రోజుల్లో కట్లు మొదలుపెట్టవచ్చు. ముందే తెలిసింది కనుక ఎక్కడికి వెళ్లాలో కనుక్కోవడానికి నాలుగు నెలల సమయం దొరికిందన్న మాట.

మరి ఏడేళ్ల పిల్ల, పదేళ్ల పిల్లవాడు ఇప్పటికే అంచు మీద నడుస్తున్నారే, వారి సంగతేమిటని మీలో కొందరు అడుగుతారు. ఆలస్యమైందని ఇంట్లో కూర్చోబెట్టకండి. నడిచే వయసు పిల్లలకు కూడా ఇదే పద్ధతిలో చేతులతో తిప్పి కట్లు వేస్తున్నారు. ఎముకలు గట్టిపడి ఉంటాయి గనుక కట్లు ఎక్కువ కావాలి, ఒక్కో కట్టు ఎక్కువ రోజులు ఉంచవచ్చు, కొందరికి ఆ తరువాత ఆపరేషన్ కూడా అవసరపడవచ్చు. అయినా ఆ ఆపరేషన్ ముందు అనుకున్నదానికంటే చిన్నది అవుతుంది. మీ సంఘంలో అలాంటి పిల్ల ఉంటే, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లమ్మను పక్కకు పిలిచి ఈ పేజీ చదివి వినిపించండి.